ముత్తవ్వ ఇచ్చిన నాలుగు ఆకులు

గురువారం పొద్దున ఏడున్నరకు, నిజామాబాద్‌లో భద్రయ్య కిరాయికుంటున్న మేడగది మెట్లెక్కి వచ్చిన ముసలాయన కుర్చీ చూపించినా కూర్చోలేదు. చెప్పులు చేత పట్టుకొని గడప దగ్గరే నిలబడ్డాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"పత్తేదారు భద్రయ్య సారు మీరేనా? నా పేరు ఏసయ్య. బాన్సువాడ మాది. నా పెండ్లాన్ని శనివారం జైలుకు పంపుతున్నరు సారూ. ఆమె మనిషిని చంపిందంటున్నరు."

భద్రయ్య పదేళ్లు హైదరాబాద్ పోలీసుల్లో పనిచేసి, పై అధికారితో పడక రాజీనామా ఇచ్చి వచ్చినవాడు. 1934 నుంచి సొంతంగా కేసులు చూస్తున్నాడు. సన్నటి మనిషి, తక్కువ మాటలు. ఆయన సహాయకుడు మార్కండేయులు ఇంతకు ముందు బడిపంతులు. నాలుగేళ్లుగా భద్రయ్య చెప్పే ప్రతి ముక్కనూ నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. కిందటి ఏడాది హైదరాబాద్‌లో కొన్న భూతద్దం ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. దానితో ఇంతవరకూ ఏదీ దొరకలేదు.

"నీళ్లు తాగి మొదటి నుంచి చెప్పు," అన్నాడు భద్రయ్య.

ఏసయ్య చెప్పాడు. ఆయన భార్య ముత్తవ్వ ముప్పై ఏళ్లుగా బాన్సువాడలో పురుళ్లు పోస్తున్న మంత్రసాని. ఆ ఊళ్లో బీడీలు చుట్టించి సంతల్లో అమ్ముకునే రాజారాం ఇంట్లో పది నెలల ఆడపిల్లకు జబ్బు చేసింది. ఉన్నట్టుండి ఒళ్లు విరుచుకొని కళ్లు తేలేసేది. పోయిన శుక్రవారం ముత్తవ్వ వెళ్లి ఆకు మందు ఇచ్చి వచ్చింది. మంగళవారం సాయంత్రం పిల్ల తల్లి అంజమ్మకు వాంతులు, ఆగని రక్తస్రావం. బుధవారం తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఇరవై నాలుగేళ్లు.

"హకీం సాబ్ చూసి, ఏదో తినిపిచ్చిన్రన్నడు. ఇగ అందరు మా ఇంటి మీదకొచ్చిన్రు. అంజమ్మ అత్త బాలవ్వకు, మా ముత్తవ్వకు ముందే మాటల్లేవు. గా పిల్ల పుట్టిననాడు మంత్రసానికి పెట్టే పురిటి చీర పెట్టలేదని పెద్ద లొల్లయింది. ఆ పగ పెట్టుకున్నదంటరు."

"ముత్తవ్వ ఏమంటున్నది?"

ఏసయ్య తల దించుకున్నాడు. "గదే సారూ నా ఫికర్. ఏమనది. నోరు తెరుస్తలేదు."

పదిన్నర బస్సుకు ముగ్గురూ బయలుదేరారు.

ముత్తవ్వను చావడి వెనక గదిలో ఉంచారు. నెరిసిన తల, పొట్టి మనిషి. గోడకు ఆనుకొని కూర్చుంది. భద్రయ్య ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"అవ్వా, ఏం మందిచ్చినవ్?"

"సదాపాకు."

"ఎంత?"

"నాలుగాకులు. దీపం సెగకు వెచ్చజేసి, తల్లిపాలల్ల నలిపి, పసిదాని నాలికకు రాయిమన్న. మిగిలింది నుదుటికి పెట్టుమన్న. మా అమ్మ గట్లనే చేసేది, నేను గట్లనే చేస్త."

"పెద్దలు తింటరా ఆ ఆకు?"

"కొందరు మజ్జిగల రెండాకులు నలుపుకొని తాగుతరు, కడుపుబ్బరానికి. రెండాకులే. ఎక్కువైతే మంచిది కాదు."

"మందు ఇచ్చేటప్పుడు ఎవరున్నరు?"

"అంజమ్మ, రాజారాం. ముసల్ది నన్ను చూసి లోపలికి పోయింది."

"అంజమ్మ నీకేమన్న చెప్పిందా?"

ముత్తవ్వ చప్పున కళ్లెత్తి, మళ్లీ దించుకుంది. మెడలో సిలువను చేత్తో పట్టుకుంది.

"చెప్పను సారూ. ఒట్టున్నది."

"ఎవరి మీద?"

"గా పసిదాని తల మీద చెయ్యి పెట్టిచ్చుకున్నది. తల్లి పోయిన పిల్ల, పానం బాగలేని పిల్ల. ఆ ఒట్టు నేను తప్పను. జైలుకు పంపితే పంపుండ్రి."

బయటికి రాగానే మార్కండేయులు గుసగుసగా అన్నాడు. "సారూ, ఒక్క ముక్క చెప్తే బతుకుతది కదా! ఎంత మొండి మనిషి!"

"మొండి కాదు. ఆ ముక్క ఆమె చెప్పకుండనే మనం తెలుసుకోవాలె. చెప్పిచ్చినమంటే ఒట్టు తప్పిచ్చినట్టు."

రాజారాం ఇంటి ముంగిట నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని మౌనంగా బీడీలు చుడుతున్నారు. ఇంట్లో చావు జరిగినా, శనివారం సంతకు సరుకు పోవాలి. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. బాలవ్వ గిన్నెలో మేకపాలు పట్టుకొని, గుడ్డపీలిక తడిపి పిల్ల నోట్లో పెడుతోంది. పిల్ల ఉమ్మేస్తోంది.

"నిజామాబాద్ నుంచి వచ్చిన్రా?" అంది బాలవ్వ వాళ్లను చూసి. "దొంగను పట్టేతందుకా, దొంగను ఇడిపిచ్చేతందుకా? గా ముసలోడు తీస్కొచ్చిండంటే తెలుస్తలేదా!"

"ఎవరు చేసిన్రో చూసేతందుకమ్మా. నీ కోడలికి ఎప్పుడు మొదలైంది?"

"మంగళారం దీపాలు పెట్టేయాళ్లకు. పిల్ల పుట్టినంక మొదటిసారి అంటుముట్టైందనుకున్న. గంటల బట్టలన్ని తడిసినయి. ఎప్పుడన్న చూసినమా గట్ల? దాని చెయ్యే. దాని పాపిష్టి చెయ్యే."

రాజారాం అరుగు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. గడ్డం మాసింది. రెండు చేతులకూ మోచేతుల దాకా తడిగుడ్డలు చుట్టుకున్నాడు.

"చేతులకేమైంది?" అన్నాడు భద్రయ్య.

"నిన్న చితి కాడ కాలినయి."

"ఏదీ, ఓసారి చూడనియ్."

రాజారాం అయిష్టంగా గుడ్డ విప్పాడు. వేళ్ల మధ్య, మణికట్టు మీద నీటి బొబ్బలు. అక్కడి నుంచి మోచేతి వైపు సన్నటి ఎర్రటి చారలు, నీళ్లు కారినట్టు. చేతుల మీది వెంట్రుకలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. భద్రయ్య గుడ్డ తిరిగి చుట్టాడు.

"శుక్రవారం ముత్తవ్వ చెప్పింది నువ్వు విన్నవా?"

"విన్న. నాలుగాకులు పిల్లకు రాయిమన్నది. రాసినం. అంజమ్మకేం పెట్టిందో నాకెర్క లేదు. నేను శనివారం డోంగ్లి సంతకు పోయిన. సాయంత్రానికొచ్చిన." "ఏడేండ్లయింది సారూ పెండ్లయి. ఒక్కనాడు ఎదురు మాట్లాడలే నాతోని."

అంజమ్మ పక్కన కూర్చొని బీడీలు చుట్టే నర్సవ్వను భద్రయ్య గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"అంజమ్మ ఈ మధ్య ఎట్లుండె?"

నర్సవ్వ లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నెల సంది గీ గుమ్మం కాడనే కూసునేది. తంబాకు వాసన పడ్తలేదనేది. తొమ్మిదేండ్ల పిల్లప్పటి సంది బీడీలు చుట్టినది, వాసన పడదంటే నేను నవ్విన. ఇగ ఎందుకు నవ్విన్నో!"

"రాజారాంకు చేతులెప్పుడు కాలినయి?"

"నిన్న కదా, కాడు కాడ. కాదు కాదు, మంగళారం గూడ ఆకు కత్తిరిచ్చెతందుకు కూసోలే. కత్తెర పట్టరాకుంట చేతులు మండుతున్నయన్నడు. గమ్మతి!"

"ఇంతకు ముందు అంజమ్మకు పిల్లలున్నరా?"

నర్సవ్వ కళ్లు నిండాయి. "కొడుకుండె. ఏడాది పిల్లగాడు. అంతల మళ్ల కడుపైంది. కడుపుతో ఉన్నదాని పాలు విషమని, బాలవ్వ యాపాకు నూరి రొమ్ములకు రాసి పాలు మాన్పిచ్చింది. పిల్లగాడు ఆర్నెల్లు గూడ బతకలే. కడుపులది గూడ నిలువలే. గప్పటి సంది అంజమ్మ అత్త మొకం చూసి మాట్లాడలే."

భద్రయ్య అంజమ్మ చాట అడిగాడు. చాట అడుగున తునికాకుల కింద ఒక గుడ్డమూట దొరికింది. అందులో ఇంటి మీద కప్పే గూనపెంక ముక్కలు. మార్కండేయులు ఉత్సాహంగా భూతద్దం తీశాడు.

"సారూ, అంచుల మీద పంటి గాట్లున్నయి!"

"అద్దం లేకుండనే కనబడుతున్నయి," అన్నాడు భద్రయ్య. కానీ ఆ మూటను చాలాసేపు అరచేతిలో పెట్టుకొని చూశాడు.

పెరట్లో పెంటకుప్ప దగ్గర ఆయన చేతికర్రతో చెత్త కదిపాడు. వేళ్లతో సహా పీకిన నాలుగు మొక్కలు బయటపడ్డాయి. ఆకులన్నీ దూసేశారు. కొమ్మల చివర వాడిన పసుపుపచ్చటి పూలు మాత్రం మిగిలాయి. ఘాటైన వాసన ముక్కును కొట్టింది. మార్కండేయులు వాటిని రెండు చేతులా ఏరి, కొమ్మలు విరిచి వాసన చూసి, చంకన పెట్టుకున్నాడు. నడినెత్తిన చైత్రమాసపు ఎండ.

ముత్తవ్వ ఇల్లు ఊరి చివర. కుండలో ఒకే ఒక సదాప మొక్క, మోకాలెత్తు, గుబురుగా, పూలతో ఉంది. ఒక చిన్న రెమ్మ మాత్రం తుంచిన గుర్తు. మార్కండేయులు తెచ్చిన కొమ్మలు పక్కన పెట్టి చూశారు. ఆ పూలే, ఆ వాసనే.

"ఊళ్లె ఇంకెవరింట్ల ఉన్నదీ మొక్క?" అని ఏసయ్యను అడిగాడు భద్రయ్య.

"ఎవరింట్ల లేదు సారూ. డోంగ్లి దిక్కు తోటలు పెట్టే మాలీలు పెంచుతరు."

శుక్రవారం మార్కండేయులు మరాఠీ మాట్లాడే ఊరైన డోంగ్లికి వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చాడు. వచ్చీరాని మరాఠీలో తోటవాళ్లందరినీ అడిగాడట. పోయిన శనివారం సంతలో ఒక బీడీల ఆసామి నాలుగు సదాప మొక్కలు మట్టితో సహా కొన్నాడని ఒక ముసలమ్మ చెప్పింది. 'ఇన్ని ఎందుకు నాయనా, ఊరికంతా పిల్లలా?' అని ఆమె నవ్విందట.

"ఇంకో మాట సారూ," అన్నాడు మార్కండేయులు చేతులు గోక్కుంటూ. "నిన్నటి సంది చేతులు ఒక్క తీరు మండుతున్నయి. చీమలు కుట్టినయేమో."

భద్రయ్య లాంతరు దగ్గరికి జరిపి చూశాడు. మణికట్టు మీద ఎర్రటి చారలు.

"ఏం రాయకు. కొబ్బరినూనె గూడ రాయకు. రేపు పొద్దుటి దాక ఓపిక పట్టు."

తెల్లవారేసరికి చారల మీద నీటి బొబ్బలు లేచాయి.

శనివారం తొమ్మిది గంటలకు, ముత్తవ్వను తీసుకుపోవడానికి పోలీసు అమీన్ సాబ్ వచ్చి గుర్రం దిగాడు. భద్రయ్యతో ఆయనకు హైదరాబాద్ నాటి పరిచయం. 'అరగంట ఇస్తా' అన్నాడు. చావడి ముందు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. బాలవ్వ ఒళ్లో పసిపిల్ల. రాజారాం స్తంభానికి ఆనుకున్నాడు. నర్సవ్వ గుమ్మం దగ్గర, ఏసయ్య బయట మెట్టు మీద. ముత్తవ్వను తీసుకొచ్చి మూలన నిలబెట్టారు.

భద్రయ్య నిలబడే మాట్లాడాడు.

"అంజమ్మ పానం తీసింది సదాపాకే. హకీం సాబ్ ఏదో తినిపిచ్చిన్రన్నది నిజం. కానీ ముత్తవ్వ ఇచ్చింది నాలుగాకులు. ఆమె మొక్క నేను చూసిన, ఒక్క రెమ్మ తప్ప పోలేదు. అంజమ్మ తాగింది నాలుగు మొక్కల ఆకు. మూడు రోజులు తాగింది. ఆ కట్టెలు రాజారాం పెరట్ల దొరికినయి."

"మా పెరట్లనా!" బాలవ్వ అరిచింది. "గా ముసల్దే తెచ్చి పడేసుంటది!"

"మార్కండేయులూ, చేతులు చూపియ్."

మార్కండేయులు చొక్కా చేతులు పైకి మడిచాడు. బొబ్బలు, చారలు. నర్సవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈయన ఏ చితి కాడికి పోలేదు," అన్నాడు భద్రయ్య. "మొన్న నడిపొద్దున ఎండల ఆ కొమ్మలు విరిచిండు, అంతే. సదాప పసరు చేతికంటి, దాని మీద ఎండ తగిలితే రెండో రోజుకు గిట్లయితది. రాజారాం, నీ చేతులు బుధవారం చితి కాడ కాలినయంటివి. మంగళవారమే నువ్వు కత్తెర పట్టలేదు. నిప్పుకు కాలితే ముందు వెంట్రుకలు మాడుతయి. నీవి మాడలేదు. మోచేతి దాక కారిన చారలు నిప్పువి కావు, పసరువి. మీ అమ్మ కంట పడకుంట, నడిపొద్దున పెరట్ల ఎండల, నువ్వే నూరినవ్."

బాలవ్వ కొడుకు వైపు తిరిగింది.

"కొడుకా, అబద్ధమని చెప్పు."

రాజారాం గుడ్డలు చుట్టిన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఆయన చంపుదామని నూరలేదమ్మా," అన్నాడు భద్రయ్య, ఈసారి మెల్లగా. "మన దిక్కు పాలిచ్చే తల్లి ఏం తింటే అది పిల్లకు పడుతదని నమ్ముతరు. పిల్లకు జలుబైతే తల్లి పత్తెం పడుతది. నాలుగాకులకు పిల్లకు ఫిట్సు తగ్గలే. గంత చేదు పసరు పసిదాని నోట్ల పోసేతందుకు తండ్రికి మనసొప్పలే. తల్లి తాగితే పాలల్ల దిగుతదనుకున్నడు. పెద్దమనిషి కాబట్టి ఎక్కువ కావాలెననుకున్నడు. అంతేనా రాజారాం?"

రాజారాం స్తంభం దగ్గరే కింద కూర్చున్నాడు. "అంతే సారూ. మూడు దినాలు నా చేత్తోనే తాపిన. కక్కొస్తదంటే బెల్లం ముక్క పెట్టిన. ఆకే అయ్యుంటదని నా మనసుకు వచ్చింది సారూ, ఆమె పానం పోయేటప్పుడే వచ్చింది. గది నిజమైతే నేను ఎట్ల బతకాలె? గందుకే ముత్తవ్వ పేరు చెప్పిన. చేతులు చితి కాడ కాలినయన్న."

"మామూలు మనిషికైతే వాంతులతోని పోయేదేమో," అన్నాడు భద్రయ్య. "అంజమ్మ కడుపుతోని ఉన్నది."

బాలవ్వ ఒళ్లో పిల్ల జారబోయింది. నర్సవ్వ పరుగున వెళ్లి అందుకుంది.

"సదాపాకు కడుపుతో ఉన్నోళ్లకు పడది. మంత్రసానులందరికి తెలుసు. మీకు తెల్వదు. ఆమె కడుపుతో ఉన్నదని గూడ తెల్వదు, ఆమె దాచింది. తంబాకు వాసన పడక గుమ్మం కాడ కూసున్నది. మట్టి మీద మనసు పోయి, చాట అడుగున గూనపెంక దాచుకొని కొరికింది. తెలిస్తే ఏమైతదో ఆమె ఒకసారి చూసింది. ఈ పిల్లను గూడ పాలు మాన్పిస్తరని భయపడ్డది. ఆ సంగతి ఒక్క ముత్తవ్వకు తెలుసు. చెప్పనని ఈ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. జైలుకు పోయేతందుకు తయారైంది కానీ నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పింది నేను, ఆమె కాదు. ఆమె ఒట్టు ఆమె కాడనే ఉన్నది."

బాలవ్వ వేపాకు రాసిన చేతుల్ని తన ముందు పెట్టుకొని చూస్తూ ఉండిపోయింది.

అమీన్ సాబ్ లేచి నిలబడ్డాడు. "ఇది ఖూనీ కాదు," అన్నాడు. జవాను వైపు తిరిగి ముత్తవ్వను చూపించాడు. "అమ్మను ఇంటికి పోనియ్."

ముత్తవ్వ రెండడుగులు వేసింది. రాజారాం మోకాళ్ల మీద పాక్కుంటూ ఆమె దారికి అడ్డం వచ్చాడు.

"అవ్వా, తిట్టు నన్ను. కొట్టు. కానీ ఒక్కటి చెప్పు. గా ఆకు ఆమెకు పడదని ఆమెకు తెలుసా? తెలిసి తాగిందా?"

ముత్తవ్వ అతని తల మీద చెయ్యి పెట్టింది.

"తెల్వదు బిడ్డా. ఆమెకేం తెల్వదు. నువ్వు ప్రేమతోని ఇచ్చినవ్, ఆమె తాగింది. లే."

రాజారాం అప్పుడు ఏడ్చాడు. మూడు రోజులుగా ఏడవని మనిషి ఏడ్చినట్టు ఏడ్చాడు.

చావడి దాటి వీధిలోకి వచ్చాక ఏసయ్య భార్య చెయ్యి వదల్లేదు. మార్కండేయులు కళ్లు తుడుచుకొని అన్నాడు. "అంజమ్మ ఏం తెలియకుంట పోయింది. గదొక్కటే నయం, కదా సారూ?"

ముత్తవ్వ ఆగింది.

"సోమవారం పొద్దున వచ్చింది సారూ అంజమ్మ, మా ఇంటికి," అంది నేల చూస్తూ. "మొగడు నూరిండని చెప్పలే. 'అవ్వా, గా ఆకు నేను తాగితే పాలల్ల దిగి పిల్లకు పడుతదా?' అన్నది. 'పిచ్చిదానా, కడుపుతో ఉన్నవ్, నీ పానానికొస్తది, వాసన గూడ చూడకు' అన్న. 'నా సంగతి ఇడువు, పిల్లకు పడుతదా లేదా, గదొక్కటే చెప్పు' అన్నది."

"నువ్వేమన్నవ్?"

"పడుతదన్న సారూ. మా అమ్మ నాకు గట్లనే చెప్పింది, నిజమే అనుకున్న. పడదు అని ఒక్క అబద్ధం ఆడితే అయిపోయేదుండె. ఆనాడు నోటికి రాలే. ఇయ్యాల రాజారాం ముందల వచ్చింది."

మార్కండేయులు నోటుబుక్కు తీసి, ఏమీ రాయకుండా మూసేశాడు. వెనక చావడిలో పసిపిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

ముత్తవ్వ కొంగు నడుముకు చుట్టి బిగించింది. "బాలమల్లు పెండ్లాం పోయిన నెల నీళ్లాడింది," అంది ఏసయ్యతో. "ఇద్దరికి సరిపోయే పాలున్నయి దానికి. మన మాట వింటదో లేదో. నువ్వు ఇంటికి పో, నేను అడిగొస్త."

ఎండలో ఆమె బాలమల్లు ఇంటి వైపు త్వరత్వరగా నడిచింది.